గోడ మట్టంగానే ఉంది, కంటికే వాలుగా కనిపిస్తోంది. దీన్ని వివరించే పుస్తకాలు చెప్పగలరా?

రాజోలు టైల్స్ (ప్రశ్న)

అందరికీ నమస్కారమండీ. నేను కోనసీమలో టైల్స్ పని కాంట్రాక్టుకి చేస్తాను. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా అయ్యాక 19 ఏళ్లుగా ఇదే పని. పుస్తకాల గురించి ఎవరినైనా అడగడం ఇదే మొదటిసారి. ఎందుకు అడగాల్సి వచ్చిందో ముందు చెబుతాను, ఎలాంటి పుస్తకం కావాలో మీకే తెలుస్తుంది.

నెల కిందట ఒక కాఫీ హోటల్ పని ఒప్పుకున్నాం. కౌంటర్ వెనక గోడ, 14 అడుగుల పొడవు, 7 అడుగుల ఎత్తు. యజమాని ఫోన్లో ఫొటో చూపించి అచ్చం అలాగే కావాలన్నారు. 6 అంగుళాల పలకలు, నలుపు పక్కన తెలుపు, తెలుపు పక్కన నలుపు. కింది వరుస మీద పై వరుస సగం పలక పక్కకి జరగాలి, దాని పైది మళ్ళీ మొదటి చోటికే రావాలి. మధ్యలో 3 మిల్లీమీటర్ల సందు, అందులో బూడిద రంగు గ్రౌటు, అంటే సందు పూడ్చే సిమెంటు.

పని చేసింది మా పెద్దమేస్త్రి. అరవై దాటాయి. నాకు తాపీ పట్టుకోవడం నేర్పింది ఆయనే. పలకలు అతికించేటప్పుడు ఏ తేడా అనిపించలేదు, ఎందుకంటే గోడకి జానెడు దూరంలో ఉంటాం. మూడో రోజు గ్రౌటు పెట్టి, తడిగుడ్డతో తుడిచి, పది అడుగులు వెనక్కి వచ్చి చూశాం. నా గుండె జారిపోయింది. వరుసలన్నీ వంకర! ఒక వరుస ఎడమ నుంచి కుడికి సన్నబడుతోంది, దాని కిందిది కుడి నుంచి ఎడమకి సన్నబడుతోంది. మేకులు తిరగేసి మరగేసి పేర్చినట్టుంది గోడంతా.

లేజర్ లెవెల్ పెట్టాను. ఎర్రగీత ఈ చివర నుంచి ఆ చివర దాకా గ్రౌటు మీదే పోయింది. నమ్మకం కుదరక దారం కట్టాను. టేపు పెట్టి రెండు చివరలా ఎత్తు కొలిచాను. 14 అడుగుల మీద తేడా లేదు. దారం కట్టి ఉండగా కూడా, ఆ దారమే వాలుగా ఉన్నట్టు కనిపించింది. అది నేను మర్చిపోలేను.

యజమాని వచ్చి చూసి, "నీ మిషను కంటే నా కళ్ళ మీదే నాకు నమ్మకం. పీకి మళ్ళీ వెయ్యి, అప్పుడే మిగతా డబ్బు" అన్నారు. ఆయన్ని తప్పు పట్టలేను, నాకూ అలాగే కనిపిస్తోంది కదా. పెద్దమేస్త్రి మాత్రం ఏమీ అనలేదు. గోడ దగ్గరికెళ్ళి కళ్ళు మూసుకుని, గ్రౌటు గీత వెంట చూపుడు వేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకి నడిచారు. తిరిగొచ్చి, "తిన్నగానే ఉందిరా" అన్నారు. నలభై ఏళ్ల పనితనం ఉన్న మనిషి ఆ రాత్రి అన్నం తినలేదని వాళ్ళమ్మాయి ఫోన్ చేసి చెప్పింది.

కొలిస్తే తిన్నగా, చూస్తే వంకరగా ఎందుకుందో నాకు తెలియాలి. యజమానికి చెప్పడానికే కాదు, నాకోసం కూడా. కళ్ళు ఇలా ఎందుకు చేస్తాయో చెప్పే పుస్తకాలు ఏవి? నాది పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంగ్లీషు నెమ్మదిగా చదివితే అర్థమవుతుంది. లెక్కలూ సూత్రాలూ తక్కువుండి బొమ్మలు ఎక్కువున్నది చెబితే మేలు.

వెలుగునీడ మాస్టారు

తమ్ముడూ, ముందుగా ఒక మాట. ఆ గోడ పీకవద్దు. మళ్ళీ వేసినా అలాగే కనిపిస్తుంది.

మీ గోడకి 1979 నుంచీ ఒక పేరుంది, కెఫే వాల్ ఇల్యూజన్. ఇంగ్లండులోని బ్రిస్టల్ ఊళ్ళో, సెయింట్ మైకేల్స్ హిల్ అనే ఏటవాలు వీధి కింద ఒక కాఫీ హోటల్ ఉండేది. దాని బయటి గోడకి ఆకుపచ్చ, తెలుపు పలకలు సరిగ్గా మీరు చెప్పిన పద్ధతిలోనే ఉండేవి. దగ్గర్లోనే, మనిషి చూపు మీద పరిశోధనలు చేసిన రిచర్డ్ గ్రెగరీ పరిశోధనశాల. అక్కడ పనిచేసే ఒకాయన ఆ గోడ చూసి గ్రెగరీకి చెప్పాడు. గ్రెగరీ, ప్రిసిలా హర్డ్ కలిసి దాన్ని కొలిచి, రంగులు మార్చి, సందు మార్చి చూసి 1979లో వ్యాసం రాశారు. ఒక హోటల్ గోడ మీద పుట్టిన ప్రశ్న మళ్ళీ ఒక హోటల్ గోడ మీదే మీకు ఎదురైంది!

వాళ్ళకి తేలిన ముఖ్య విషయం మీ పనికి నేరుగా ఉపయోగపడుతుంది. ఆ వంకర కనిపించాలంటే గ్రౌటు సన్నగా ఉండాలి, దాని వెలుగు నల్ల పలకకీ తెల్ల పలకకీ మధ్యస్థంగా ఉండాలి. బూడిద రంగు అంటే సరిగ్గా అదే. గ్రౌటు వెడల్పయినా, ఆ రెండు వెలుగుల మధ్య నుంచి బయటికి పోయినా వంకర తగ్గిపోతుంది. దగ్గరికి వెళితే తేడా తెలియకపోవడానికీ కారణం ఇదే. దగ్గర్లో ఆ 3 మిల్లీమీటర్లు కంటికి వెడల్పే, పది అడుగుల నుంచి వెంట్రుకంత.

ఎందుకలా అంటే, గ్రౌటుకి పైన నలుపు కింద తెలుపు ఎదురెదురు పడిన ప్రతిచోటా ఆ సన్నగీత ముక్క కొంచెం వాలినట్టు కంటికి అందుతుంది. ఒక వరుసలో ఆ చిన్న వాలులన్నీ ఒకే దిక్కుకి ఉంటాయి. మెదడు వాటిని కూడి ఒకే పొడవాటి వాలుగా చదువుతుంది. పై వరుస సగం పలక అటు జరిగి, ఆ పైది ఇటు జరిగింది కాబట్టి వాలు కూడా వరుస వరుసకీ దిక్కు మార్చుకుంటుంది. గ్రెగరీ వివరణ కొంచెం వేరు. నలుపు తెలుపుల అంచుల్ని మెదడు ఒకదానికొకటి బిగించి కలపబోతుందని ఆయన ఊహ. రెండూ చదవండి.

ఇక పుస్తకం. మీకు కావలసింది గ్రెగరీ రాసిన 'ఐ అండ్ బ్రెయిన్'. మొదటి ముద్రణ 1966, అయిదోది 1997. దొరికితే అయిదోదే కొనండి. పేజీ పేజీకీ బొమ్మలు, సూత్రాలు దాదాపు లేవు.

ఈ పుస్తకం నాకెందుకింత ఇష్టమో చెప్పాలి. డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. కన్ను ఒక కెమెరా, రెటీనా ఫిలిం అని బోర్డు మీద బొమ్మ గీసి పన్నెండేళ్లు చెప్పాను. హైదరాబాద్‌లో ఆబిడ్స్ ఆదివారం పుస్తకాల బజార్లో ఇది పాతది ఒకటి దొరికింది. బస్సులో మొదలుపెట్టి విజయవాడ వచ్చేలోగా సగం చదివేశాను. కంట్లో పడేది బొమ్మ కాదు, ఆనవాళ్లు మాత్రమే. ఆ ఆనవాళ్ల మీద 'ఎదురుగా ఉన్నది బహుశా ఇది' అని మెదడు ఒక ఊహ కడుతుంది, ఆ ఊహనే మనం చూస్తాం అంటాడాయన. మర్నాడు క్లాసులో, ఇన్నాళ్లూ సగమే చెప్పానని పిల్లలకి చెప్పి పాఠం మళ్ళీ మొదలుపెట్టాను.

మీ పెద్దమేస్త్రి గీతని వేలితో తడిమారన్నారు కదా. గ్రెగరీ దగ్గర ఒక కథ ఉంది, అది ఆయనకి వినిపించండి. అసలు పేరు చెప్పకుండా 'ఎస్.బి.' అని గ్రెగరీ రాసిన ఒక మనిషి కథ అది. పసితనంలోనే చూపు పోయింది. 1958లో, 52 ఏళ్ల వయసులో, కార్నియా మార్చాక చూపొచ్చింది. ఇంగ్లీషు పెద్దక్షరాలు వెంటనే చదివేశాడు, చిన్నక్షరాలు చదవలేకపోయాడు. కారణం, అంధుల బడిలో పెద్దక్షరాల్ని చెక్కి చేతికిచ్చి నేర్పారు. గడియారం చూసి టైం చెప్పాడు, ఎందుకంటే అద్దం లేని జేబుగడియారం ముళ్లు ఏళ్ల తరబడి తడుముకున్నాడు. బస్సు బొమ్మ గీస్తే ముందుభాగం మాత్రం వెయ్యలేకపోయాడు, అక్కడ ఎప్పుడూ చెయ్యి పెట్టలేదు గనక. అతనికి యంత్రాలంటే ప్రాణం. లండన్ సైన్స్ మ్యూజియంలో అద్దాల పెట్టెలో ఉన్న లేత్ మిషను చూపిస్తే ఏమీ అర్థం కాలేదు. పెట్టె తెరిపించారు. కళ్ళు మూసుకుని దాన్నంతా తడిమాడు. కళ్ళు తెరిచి, తాకాను కాబట్టి ఇప్పుడు కనిపిస్తోంది అన్నాడట. అతని తర్వాతి రోజులు సంతోషంగా గడవలేదు, 1960లో పోయాడు. ఆ పేజీలు నేను ఎప్పుడు చదివినా కాసేపు పుస్తకం మూసి కూర్చుంటాను.

రెండో పుస్తకం 'ఫాంటమ్స్ ఇన్ ద బ్రెయిన్', 1998. రాసింది వి.ఎస్. రామచంద్రన్, శాండ్రా బ్లేక్స్‌లీతో కలిసి. ఆయన మద్రాసు స్టాన్లీ మెడికల్ కాలేజీలో చదివిన డాక్టరు. చెయ్యి తెగిపోయినా లేని పిడికిలి బిగుసుకుని నొప్పి పుడుతోందనే రోగులకి, ఉన్న చేతిని అద్దంలో చూపించి ఆ లేని పిడికిలి విప్పించిన వైనం అందులో ఉంది. ఆయనదే ఇంకో సంగతి మీ వృత్తికి దగ్గరది. వెలుతురు పైనుంచే వస్తుందని మన మెదడు ముందే అనుకుని కూర్చుంటుంది. ప్లాస్టరింగులో గుంట పడ్డ చోటు ఫోన్లో ఫొటో తీసి తలకిందులు చేసి చూడండి, గుంట బుడిపె అవుతుంది.

'ద ఇన్విజిబుల్ గొరిల్లా' (2010) గురించి ఎవరైనా చెబుతారేమో. మంచి పుస్తకమే, కానీ అది ధ్యాస గురించి. వీడియోలో బంతి ఎన్నిసార్లు చేతులు మారిందో లెక్కపెట్టే పనిలో ఉంటే ఎదురుగా నడిచి వెళ్ళే గొరిల్లా వేషాన్ని సగం మంది చూడరు, అదీ దాని సంగతి. మీ ప్రశ్న అది కాదు.

తెనాలి సంస్కృతం

మాస్టారు చెప్పినవన్నీ మంచి పుస్తకాలు. రాజోలు బాబుకి మన వైపు నుంచి ఒక మాట చెప్పాలనిపించింది. నేను ముప్పై ఏళ్లు సంస్కృతం, కొంత వేదాంతం పాఠం చెప్పాను.

భ్రమ అనగానే అందరూ తాడును చూసి పాము అనుకోవడం చెబుతారు. మీ గోడ ఆ జాతి కాదు. దీపం తెచ్చి ఇది తాడు అని తెలుసుకున్నాక పాము ఇక కనిపించదు. మయసభలో దుర్యోధనుడిదీ అదే. నేలను నీరనుకుని బట్టలు ఎత్తి పట్టుకున్నాడు, కాలు పెట్టాక తెలిసింది. మీకు మాత్రం లేజర్ చెప్పింది, దారం చెప్పింది, టేపు చెప్పింది. తెలిసింది. అయినా వంకర పోలేదు.

మనవాళ్లు ఈ తేడా పట్టుకున్నారు. తెలియగానే పోయేదాన్ని నిరుపాధిక భ్రమ అన్నారు. తెలిసినా పోనిదాన్ని సోపాధిక భ్రమ అన్నారు. స్ఫటికం పక్కన మందారపువ్వు పెడితే స్ఫటికం ఎర్రగా కనిపిస్తుంది. స్ఫటికానికి రంగు లేదని మీకు తెలుసు, అయినా ఎర్రగానే ఉంటుంది. పువ్వు తీసేస్తేనే ఎరుపు పోతుంది. ఆ పువ్వే ఉపాధి, అంటే ఆ భ్రమని నిలబెట్టే పక్క వస్తువు. కామెర్ల వాడికి పచ్చగా కనిపిస్తుందని శాస్త్రాల్లో చెప్పే శంఖం, కంటిని వేలితో నొక్కితే రెండుగా కనిపించే చంద్రుడు, ఎండమావి, ఇవన్నీ తెలివితో చెరిగిపోనివే. మాస్టారి మాట చదివాక నాకు తట్టింది, మీ గోడకి మందారపువ్వు ఆ బూడిద గ్రౌటు.

పుస్తకం అంటారా, బిమల్ కృష్ణ మతిలాల్ రాసిన 'పర్సెప్షన్', 1986. నైయాయికులు అనే తర్కవాదులు, బౌద్ధులు, వేదాల అర్థం విచారించే మీమాంసకులు ముత్యపుచిప్ప వెండిలా ఎందుకు కనిపిస్తుందని వాదులాడుకున్న తీరు అందులో ఉంది. మీమాంసకుల్లోనే ఒక శాఖ వాళ్ళు ప్రాభాకరులు, వాళ్ళైతే అసలు తప్పుగా చూడడమే లేదంటారు. ఎదురుగా ఉన్న 'ఇది'నీ, జ్ఞాపకంలోని వెండినీ వేరుచేసి తెలుసుకోకపోవడమే జరిగిందంటారు. నాకు వాళ్ళ పట్టుదల అంటే గౌరవం. కానీ అది కఠినమైన పుస్తకం, మొదటే పట్టుకోకండి. గ్రెగరీ పూర్తయ్యాక రండి.

సైకాలజీ ఎం.ఏ., విశాఖ

నమస్తే అండీ. నేను ఇంకా చదువుకుంటున్నాను, ఒకటి చేర్చవచ్చా? కళ్ళు ఎంత మోసపోతాయన్నది మనం పుట్టి పెరిగిన ఊరిని బట్టి కూడా మారుతుందంటారు. రివర్స్ అనే డాక్టరు 1898లో టారెస్ జలసంధి దీవుల్లో, తర్వాత 1901-02లో మన నీలగిరుల్లో తోడా వాళ్ళ దగ్గర, గీతల చివర బాణం మొనలుండడం వల్ల సమానమైన గీతలే చిన్నా పెద్దా అనిపించే ముల్లర్-లయర్ బొమ్మతో పరీక్షలు చేశారు. ఇంగ్లీషువాళ్ళ కంటే వాళ్ళు తక్కువ మోసపోయారు. తోడాల పాత గుడిసెలు సగం పీపా బోర్లించినట్టు గుండ్రంగా ఉంటాయి. సెగాల్, క్యాంప్‌బెల్, హెర్స్కొవిట్స్ 1966లో వేసిన పుస్తకంలో వాదన ఇదే. మూలలు, మట్టాలు ఉన్న గదుల్లో పెరిగిన కళ్ళే ఇలాంటి వాటికి ఎక్కువ లొంగుతాయి. అంటే రాజోలు అన్నయ్య లాంటి వాళ్ళు కట్టే గదులే మన చూపుని తయారుచేస్తాయన్నమాట. నాకు అది చాలా అందమైన ఆలోచన అనిపించింది.

ఇంకోటి, చెయ్యి కూడా మోసపోతుందండీ. ఒకే బరువున్న చిన్న డబ్బా, పెద్ద డబ్బా ఎత్తితే చిన్నదే బరువనిపిస్తుంది. 1891లో షార్పాంతియే అనే ఫ్రెంచి డాక్టరు చూపించారు. తూకం వేసి చూశాక కూడా అలాగే అనిపిస్తుంది.

వెలుగునీడ మాస్టారు

అమ్మాయీ, తోడాల సంగతి చెప్పి మంచి పని చేశావు. గదుల వాదన నాకూ చాలాకాలం నచ్చింది. కానీ 2015లో దానికి గట్టి దెబ్బ తగిలింది. పవన్ సిన్హా అనే శాస్త్రవేత్త ప్రాజెక్ట్ ప్రకాశ్ అని ఉత్తర భారతంలో పుట్టుశుక్లాలతో చూపులేని పిల్లలకి ఆపరేషన్లు చేయిస్తూ, వాళ్ళు చూడడం ఎలా నేర్చుకుంటారో గమనిస్తున్నారు. చూపు వచ్చిన వెంటనే తొమ్మిది మంది పిల్లలకి, రైలుపట్టాల మీద సమానమైన గీతలే చిన్నా పెద్దా అనిపించే బొమ్మ, నువ్వు చెప్పిన బాణాల బొమ్మ చూపించారు. గదుల మూలలు ఏనాడూ చూడని పిల్లలు, మనలాగే మోసపోయారు. కాబట్టి అంతా అలవాటు వల్లే అనడానికి లేదు. తోడాల ఫలితం అబద్ధమనీ అనను. రెండిటినీ కలిపి చెప్పే మాట ఇంకా నాకు దొరకలేదు.

అదే బృందం 2011లో ఇంకో పాత ప్రశ్న తీర్చింది. గుండునీ, ఘనాన్నీ చేత్తో తడిమి గుర్తుపట్టే అంధుడికి చూపొస్తే, తాకకుండా చూసి చెప్పగలడా అని 1688లో మొలినూ అనే ఆయన తత్వవేత్త లాక్‌కి ఉత్తరం రాశాడు. పిల్లలు వెంటనే చెప్పలేకపోయారు, కొన్ని రోజుల్లోనే నేర్చుకున్నారు. చెయ్యి, కన్ను ఒకదానికొకటి పాఠం చెప్పుకోవడానికి ఆ మాత్రం సమయం చాలిందంటే నాకు ఎంత ఆశ్చర్యమో!

రాజోలు టైల్స్

పదిహేను రోజులైంది. అందరికీ దండాలు. ఏం జరిగిందో చెప్పకపోతే బాగుండదు.

మాస్టారి జవాబు చదివిన మర్నాడే మూడు ప్లైవుడ్ ముక్కలు, ఒక్కోటీ 4 అడుగులది, తెప్పించి హోటల్ పలకల్లో మిగిలినవి అతికించాం. అదే వరుస, అదే సందు. ఒకదానికి బూడిద గ్రౌటు, ఒకదానికి నలుపు, ఒకదానికి తెలుపు. ఆరాక మా షెడ్డు గోడకి ఆనించి రోడ్డు అవతలికి వెళ్ళి చూశాం. బూడిదది వంకర. తెల్లదాంట్లో వరుసలు తిన్నగా వచ్చేశాయి. నల్లదాంట్లో బాగా పట్టి చూస్తే ఏదో అనుమానం ఉంది తప్ప వాలు లేదు. పెద్దమేస్త్రి మూడిటి దగ్గరికీ రెండేసి సార్లు వెళ్ళొచ్చారు. తెనాలి మేడమ్ గారూ, ఆయనకి మీ మందారపువ్వు మాట చదివి వినిపించాను. "ఎవరో బాగా చెప్పారు, ఇంకోసారి చదువు" అన్నారు.

మూడు ముక్కలూ ఆటోలో వేసుకుని హోటల్‌కి తీసుకెళ్ళాం. యజమానికి నేను ఏ పుస్తకం మాటా చెప్పలేదు. పక్కపక్కన నిలబెట్టి ఊరుకున్నాను. ఆయన చాలాసేపు చూశారు. తర్వాత ఆయనే టేపు అడిగి, వంకరగా ఉన్న ముక్కని రెండు చివరలా కొలిచారు. మళ్ళీ కొలిచారు. పెద్దమేస్త్రి చెయ్యి పట్టుకుని "ఏమీ అనుకోకు" అన్నారు. నల్ల గ్రౌటు ఖాయం చేశారు, కాఫీ చింది మరకలు పడ్డా కనిపించవని. పాత గ్రౌటు పైపైన గీకి నలుపు నింపడానికి రెండు రోజులు పట్టింది. ఒక్క పలక కూడా ఊడదీయలేదు. డబ్బు మొత్తం ఇచ్చేశారు.

'ఐ అండ్ బ్రెయిన్' రాజమండ్రి నుంచి మా బావమరిది తెప్పించాడు. పాతదే, అయిదో ముద్రణ. రాత్రి రెండు పేజీలు, డిక్షనరీ పక్కన పెట్టుకుని. కంటి నిర్మాణం దగ్గర నెమ్మదించాను కానీ వదల్లేదు. లేత్ మిషను కథ ముందే వెతుక్కుని చదివాను. మాస్టారు చెప్పినట్టు నేనూ కాసేపు మూసి కూర్చున్నాను.

చెల్లెమ్మా, నీ డబ్బాల సంగతి కూడా చేశాం. చిన్న పాలపొడి డబ్బా, పెద్ద పెయింటు డబ్బా, రెండింట్లో ఇసుక పోసి రెండేసి కేజీలు సరిగ్గా తూకం వేశాను. పెద్దమేస్త్రికి ఇస్తే చిన్నదే బరువన్నారు, అనుమానమే లేదన్నారు. కాటా మీద పెట్టి చూపించాను. ఆయన మాట్లాడకుండా రెండూ మళ్ళీ ఎత్తారు. చేతులు మార్చి ఎత్తారు. కళ్ళు మూసుకుని ఎత్తారు. నిన్న సాయంత్రం పని అయ్యాక షెడ్డు తాళం వేద్దామని వస్తే, ఆ రెండు డబ్బాలూ కాటా పక్కన పెట్టుకుని ఇంకా అక్కడే కూర్చుని ఉన్నారు.